తలలో సగం, ఇంట్లో చీకటి గది: పార్శ్వపు నొప్పి ఎందుకొస్తుంది, దాన్ని ఏది రేపుతుంది

ఒడిశాలోని గుణుపురంలో మా ఇంటి వెనకగది కిటికీకి కొన్ని రోజులు దుప్పటి కట్టి ఉండేది. ఆ రోజుల్లో పిల్లలం అటు వెళ్లకూడదు. అమ్మ తలకి పాత చీర పేలిక బిగించి కట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. వంటింట్లో పోపు వేస్తే ఆ వాసనకే వాంతి చేసుకునేది. మా నాయనమ్మ "పైత్యం చేసింది, పసరు పడిపోతే అదే తగ్గిపోద్ది" అనేది. పక్కింటి ఒడియా పిన్ని "అధకపాళి" అనేది. కళ్లజోడు మార్చమన్నవాళ్లు ఒకరు, సైనస్ అన్నవాళ్లు ఇంకొకరు. ఆ ఇంట్లో ఒకే నొప్పికి ఇన్ని పేర్లు పెట్టారని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పటికీ పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో ఈ గందరగోళం అలాగే ఉంది. వంకాయ మానేసినవాళ్లున్నారు, చేపలు మానేసినవాళ్లున్నారు, తలంటు మానేసినవాళ్లున్నారు. ఏది తింటే వచ్చిందో కనిపెట్టలేక తప్పు తమదే అనుకునేవాళ్లు ఎక్కువ. అందుకే ముందు ఈ జబ్బు ఏమిటో చూసి, తర్వాత దాన్ని రేపేవాటి దగ్గరికి వద్దాం.

పేరు చెప్పేది సగమే

పార్శ్వం అంటే పక్క. ఒడియా అధకపాళిలో ఉన్నది సగం కపాలం. ఆయుర్వేదంలో దీన్ని అర్ధావభేదకం అన్నారు. గ్రీకు వైద్యులు హెమిక్రేనియా అన్నారు, అంటే సగం పుర్రె. ఆ మాటే ఫ్రెంచి మీదుగా మైగ్రేన్ అయింది. ఈ పేర్లన్నీ సగం తలనే చూపిస్తున్నాయి. కానీ ఆ సగం దగ్గరే చాలామంది పొరబడతారు. ఎంతోమందికి నొప్పి రెండు పక్కలా వస్తుంది. పిల్లలకైతే తరచుగా నుదురంతా వస్తుంది. ఒకపక్కనే లేదు కాబట్టి ఇది మైగ్రేన్ కాదనడం సరికాదు.

తలనొప్పుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2018లో ప్రచురించిన వర్గీకరణ ప్రకారం, మందు వేసుకోకపోతే నొప్పి 4 నుంచి 72 గంటల దాకా ఉండాలి. నాలుగు లక్షణాల్లో కనీసం రెండు కనిపించాలి: ఒకపక్క రావడం, నాడి కొట్టుకున్నట్టు పోటెత్తడం, పని ఆపుకునేంత తీవ్రత, మెట్లెక్కినా నడిచినా పెరగడం. దానితోపాటు వికారమో వాంతో ఉండాలి, లేదా వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకపోవాలి. ఇలాంటివి కనీసం 5 సార్లు వచ్చి ఉండాలి, వేరే జబ్బేదీ ఈ లక్షణాలకు ఇంతకన్నా బాగా పొసగకూడదు. స్కానింగులో కనబడే జబ్బు కాదిది. రోగి చెప్పే మాటల్లోంచే డాక్టరు దీన్ని గుర్తుపట్టాలి.

కాబట్టి మా సరిహద్దు ఊళ్లలో మాటకు ఇంకొంచెం బరువుంది. "బుర్ర పోటు" అని తెలుగులో అన్నది ఒడియా డాక్టరు దగ్గరికి చేరేసరికి "తల తిరుగుతోంది" అయిపోవచ్చు. తల తిరగడం ఒక దారి, పోటు ఇంకో దారి. తోడు వెళ్లినవాళ్లు తొందరలో మార్చి చెప్పిన ఒక్క మాటతో వైద్యం పక్కదారి పట్టే వీలుంది.

టెన్షన్ తలనొప్పి దీనికి వేరు. అది తల చుట్టూ పట్టీ బిగించినట్టు ఉంటుంది కానీ మనిషిని మంచాన పడెయ్యదు. సైనస్ అనుకునే నొప్పిలో కూడా చాలాభాగం మైగ్రేనే. 2004లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, తమకు సైనస్ తలనొప్పి ఉందని చెప్పుకున్న 2,991 మందిని పరీక్షిస్తే 88 శాతం మందికి మైగ్రేన్ లక్షణాలు తేలాయి. ముక్కు దిబ్బడ, కళ్లవెంట నీళ్లు ఈ నొప్పిలోనూ వస్తాయి మరి.

మా నాయనమ్మ పైత్యం అన్నదాన్ని కూడా తీసిపారెయ్యలేను. ఈ నొప్పి వచ్చినప్పుడు పొట్ట కదలిక మందగిస్తుంది, తిన్నది అక్కడే నిలిచిపోతుంది. వాంతి అయ్యాక కొందరికి నిజంగానే ఉపశమనం ఉంటుంది. ఆవిడ చూసింది నిజమే. అయితే పైత్యం తలకెక్కి నొప్పి రాలేదు, తలలో మొదలైనదే పొట్టను పట్టింది. నొప్పి ముదిరాక మింగిన మాత్ర సరిగా పనిచెయ్యకపోవడానికి ఇదొక కారణం.

ప్రపంచంలో 100 కోట్లమందికి పైగా దీనితో బతుకుతున్నారు. ఆడవాళ్లలో మగవాళ్లకన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువ. మన దేశంలో కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో, ఏడాదిలో ఒక్కసారైనా ఈ నొప్పి వచ్చినవాళ్లు పెద్దల్లో నాలుగోవంతు తేలారు.

నొప్పికి ముందే మొదలయ్యే నొప్పి

పోటు మొదలైన క్షణమే జబ్బు మొదలైందనుకుంటాం. చాలామందికి అంతకు కొన్ని గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందే, శరీరం మారుతుంది. ఊరకే ఆవులింతలు వస్తాయి. మెడ పట్టేస్తుంది. మాటిమాటికీ ఒంటేలుకు వెళ్లాల్సి వస్తుంది. ఎవరేమన్నా చిరాకు. తీపి తినాలని మనసు లాగుతుంది. దీన్ని పూర్వదశ అందాం. ఈ తీపి సంగతి గుర్తుంచుకోండి, దానితో తర్వాత పనుంది.

ముగ్గురు నలుగురిలో ఒకరికి దీని తర్వాత 'ఆరా' వస్తుంది. చూపులో ఒక మెరిసే చుక్క పుడుతుంది. అది పెరిగి, కోటగోడ పళ్లలాంటి వంకర గీతల వంపుగా మారి, చూపు అంచుదాకా జరిగి పోతుంది. అది జరిగిన చోట కొంతసేపు ఏమీ కనబడదు. కొందరికి చెయ్యీ పెదవీ తిమ్మిరెక్కుతాయి, మాట తడబడుతుంది. ఇదంతా 5 నుంచి 60 నిమిషాల్లో సర్దుకుంటుంది. ఇంట్లో చెబితే గాలి సోకిందంటారేమోనని బయటపెట్టని ఆడవాళ్లు నాకు తెలుసు.

కార్ల్ లాష్లీ అనే అమెరికా శాస్త్రవేత్తకు ఈ ఆరా వచ్చేది. ఆయన తన చూపులోని గీతలు ఎంత వేగంతో జరుగుతున్నాయో కాగితం మీద గీసుకుని, మెదడు ఉపరితలం మీద ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని 1941లో లెక్క తేల్చాడు. 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త లియావో జంతువుల మెదడులో సరిగ్గా అంత నెమ్మదిగా పాకే విద్యుత్ అలను చూపించాడు. ఆ అల వెళ్లిన దారిలో నాడీకణాలు ఒక్కసారి రగిలి, తర్వాత కాసేపు మూగబోతాయి. మెరుపు, వెనకే గుడ్డి మచ్చ. రెండు లెక్కలూ ఒకే అలకు చెందినవని తర్వాత గుర్తించారు. ఈ జబ్బు గురించి చదివినవాటిలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. నొప్పి పడుతున్న మనిషి తన చూపునే కొలబద్ద చేసుకున్నాడు.

రక్తనాళాలా, నాడులా: పాత వాదం, కొత్త వాదం

మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు. దాన్ని చుట్టి ఉన్న పొరలకూ, ఆ పొరల్లోని రక్తనాళాలకూ తెలుస్తుంది. ఆ కబురు మోసేది త్రిధార నాడి. ముఖానికీ నుదురుకీ కూడా అదే నాడి కాబట్టి నొప్పి కంటి వెనకా, కణతల్లోనూ తెలుస్తుంది.

1940ల్లో హెరాల్డ్ వుల్ఫ్ అనే వైద్యుడు రక్తనాళాలు ముందు ముడుచుకుని తర్వాత ఉబ్బడం వల్లే ఈ నొప్పి అన్నాడు. పోటు నాడితోపాటు కొట్టుకోవడం, నాళాలను ముడిచే మందులు పనిచెయ్యడం ఆ వాదానికి బలం. కానీ ఆవులింతలూ చిరాకూ వాసనల బాధా నాళాల ఉబ్బుతో వివరించలేం. నొప్పి సమయంలో తీసిన స్కానింగుల్లో నాళాలు ఉబ్బాల్సినంత ఉబ్బినట్టూ కనబడలేదు. మొదలయ్యేది మెదడులోనే అన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

ఈ రెండు వాదాల మధ్య వంతెనలాంటి పదార్థం ఒకటుంది: సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీన్. త్రిధార నాడి కొసలు దాన్ని విడుదల చేస్తాయి. అది నొప్పి కబురును పెంచుతుంది, నాళాలనూ వెడల్పు చేస్తుంది. నొప్పి పడుతున్నవాళ్ల మెడ రక్తంలో అది పెరుగుతుందని 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్‌సన్ చూపించారు. దాన్ని అడ్డుకునే మొదటి సూదిమందుకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. ఈ దారి వేసినందుకు వారిద్దరికీ, మాస్కోవిట్జ్, ఓలెసెన్‌లకూ 2021లో మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు.

మరి కొందరి మెదడే ఎందుకిలా? వంశపారంపర్యం ఒక పెద్ద భాగం. ఇంకోటి, అలవాటు పడకపోవడం. రైసుమిల్లు పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి పదిరోజులకు ఆ చప్పుడు వినబడదు. అదే వెలుగును, అదే శబ్దాన్ని మళ్లీమళ్లీ చూపించి కొలిచిన చాలా ప్రయోగాల్లో, ఈ జబ్బున్నవారి మెదడు స్పందన నొప్పిలేని రోజుల్లో కూడా తగ్గలేదు. ప్రతిసారీ మిల్లు కొత్తగా మొదలైనట్టే.

గట్టు, నీళ్లు: ట్రిగ్గర్ అంటే ఏమిటి

ఇలాంటి మెదడును నొప్పిలోకి నెట్టేదాన్ని ట్రిగ్గర్ అంటున్నారు. ఇది జబ్బుకు కారణం కాదు. జబ్బు ముందే ఉంది, ఇది దాన్ని రేపుతుందంతే. మా గుణుపురం వాళ్లకు వంశధార వరద తెలుసు. గట్టు తెగిన రోజున చివరిగా కలిసిన వాగునే తిట్టుకుంటాం. పైన ఎక్కడెక్కడో పడ్డ వానంతా కలిస్తేనే అంత నీరు వచ్చింది. ఈ నొప్పిలో ఇంకో చిక్కు కూడా ఉంది, ఇక్కడ గట్టు ఎత్తే రోజుకో తీరుగా మారుతుంది.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, తీరు అర్థం కావడానికి. పర్లాకిమిడిలో ఒక తెలుగావిడ అత్తవారింటి పద్ధతిలో మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ చేస్తుంది. తెల్లవారుజామున లేచి గుమ్మంలో బియ్యప్పిండితో చితా అనే ముగ్గు వెయ్యాలి. నిద్ర తగ్గినందుకు 3. పూజ అయ్యేదాకా ఉపవాసం, అందుకు 3. చలిలో తలస్నానం, తడిజుట్టు, అందుకు 2. మొత్తం నీరు 8. గట్టు ఎత్తు 10. మొదటి గురువారం కాకరపిఠా అనే తీపి వంటకం ప్రసాదంగా తింది, నొప్పి రాలేదు.

రెండో గురువారం కూడా నీరు అదే 8. కానీ రెండు రోజుల్లో నెలసరి. ఆ సమయంలో ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, గట్టు 6కి దిగింది. ఆవిడ పొద్దున్నే ఆవులిస్తోంది, మెడ పట్టేసింది, తీపి మీదికి మనసు పోతోంది. మధ్యాహ్నం రెండు పిఠాలు ఎక్కువే తింది. మూడింటికి తలపోటు. "పిఠా పడలేదు" అనుకుంది. మూడు, నాలుగు గురువారాలు పిఠా ముట్టలేదు. గట్టు మళ్లీ 10, నీరు 8, నొప్పి రాలేదు. ఇక పిఠాయే దోషి అని రుజువైపోయింది! మొదటి వారం తిన్నది ఎవరికీ గుర్తులేదు. పొద్దుటి తీపి కోరికే నొప్పికి మొదటి మెట్టు కావచ్చని ఎవరికీ తోచలేదు.

ఇలా లక్షణాన్ని కారణమనుకోవడం ఈ జబ్బు చుట్టూ ఉన్న అతిపెద్ద చిక్కుముడి. చాక్లెట్ మీద 1997లో ఒక ప్రయోగం అచ్చయింది. ఏది ఏదో తెలియకుండా 63 మంది ఆడవాళ్లకు చాక్లెట్టూ, అదే రుచి వచ్చే క్యారబ్ గింజల పొడితో చేసిన బిళ్లలూ ఇచ్చారు. రెండింటికీ తేడా కనబడలేదు. 2013లో డెన్మార్క్‌లో, వెలుతురో శ్రమో తమకు పడదని గట్టిగా చెప్పిన 27 మందికి అవే ఇచ్చి చూస్తే, ఆరాతో నొప్పి వచ్చింది ముగ్గురికే, ఆరా లేని నొప్పి ఇంకో ముగ్గురికి. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఒంటరి వాగు గట్టును తెంచలేదు, అంతే.

రోగులు చెప్పేవి, ఇక్కడి జీవితంలో కనబడేవి

1,207 మంది రోగులను అడిగిన ఒక అమెరికా అధ్యయనం 2007లో వచ్చింది. ట్రిగ్గర్లు ఉన్నాయన్నవారిలో మానసిక ఒత్తిడి అన్నవారు సుమారు 80 శాతం, ఆడవాళ్లలో హార్మోన్లన్నవారు 65, భోజనం తప్పడం 57, వాతావరణం 53, నిద్ర తేడా 50, వాసనలు 44. ఫలానా తిండి అన్నవారు 27 శాతమే. మన ఇళ్లలో మాత్రం మొదటి అనుమానం తిండి మీదికే పోతుంది. తినకపోవడం మీదికి పోదు. కార్తీక సోమవారం, ఏకాదశి, శివరాత్రి ఉపవాసాల్లో మధ్యాహ్నం దాటాక వచ్చే పోటును భక్తిలో లోపమని కొందరు పెద్దలు ఇంకా అంటారు. అది నాకు బాధ. ఖాళీ కడుపు, టీ మానెయ్యడం, నీళ్లు తగ్గడం మూడూ కలిసిన రోజది.

తలంటు సంగతి విదేశీ పుస్తకాల్లో దాదాపు కనబడదు. ముంబైకి చెందిన తలనొప్పి వైద్యుడు రవిశంకర్, తలస్నానంతో నొప్పి వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి ఒక అంతర్జాతీయ పత్రికలో రాశారు. వారిలో కొందరికి అదొక్కటే ట్రిగ్గర్. పొడుగు జుట్టు గంటలకొద్దీ తడిగా ఉండే మన ఆడవాళ్ల అనుభవం అలా వైద్య సాహిత్యంలోకి ఎక్కింది. "తలంటుకుంటే పోటొస్తుందని వంక పెడుతోంది" అనే అత్తలకు ఆ సంగతి తెలియాలి.

ఘాట్ రోడ్డు ఇంకోటి. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల వాంతి చేసుకుంటే అందరూ నవ్వుతారు. మైగ్రేన్ ఉన్నవారికి ప్రయాణపు వికారం ఎక్కువ. పైగా చెట్ల సందుల్లోంచి ఎండ కళ్లమీద టపటపా కొట్టుకుంటూ పోతుంది, ముందు లారీ పొగ. జీలుగు కల్లు, ఇప్పసారా, సంతలో ఎండుచేపల వాసన, ఏప్రిల్ ఎండ, వీటన్నిటి పేర్లూ వింటుంటాను. ఒకరికి పడనిది ఇంకొకరికి ఏమీ చెయ్యదు. చౌమీన్ బండి దగ్గర అజినోమోటోను అందరూ అనుమానిస్తారు కానీ దాని మీద ఆధారాలు బలహీనం.

మరొకటి చాలామంది నమ్మరు: ఒత్తిడి పెరిగినప్పుడు రాకుండా, దిగిపోయిన మర్నాడు వచ్చే నొప్పి. కూతురి పెళ్లి మూడురోజులూ నిలబడి చేసిన తల్లి అప్పగింతల మర్నాడు మంచం పట్టడం చూసే ఉంటారు. 2014లో వచ్చిన ఒక డైరీ అధ్యయనం ఈ దిగుదల నొప్పిని నమోదు చేసింది.

ఇక్కడ నిపుణుల్లో రెండు పక్షాలున్నాయి. రేపేవాటిని కనిపెట్టి దూరం పెట్టాలన్నది పాత సలహా. ఆస్ట్రేలియా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మార్టిన్ దీనికి ఎదురుచెప్పాడు: అన్నిటినీ తప్పించుకుంటూ పోతే మెదడు ఇంకా సున్నితమవుతుంది, కొన్నిటిని కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి అని. నాకు రెండిట్లోనూ కొంత నిజం కనబడుతోంది. ఆకలినీ నిద్రలేమినీ ఎవరూ అలవాటు చేసుకోనక్కర్లేదు. వెలుతురు, చప్పుడు, జనం మాత్రం పూర్తిగా మానేస్తే మిగిలేది ఆ చీకటి గదే.

మాత్రే నొప్పి అయినప్పుడు

కిరాణాకొట్లో విడిగా అమ్మే మాత్రతో ఒక ప్రమాదముంది. మామూలు పారాసెటమాల్ లాంటివి నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైనా, మైగ్రేన్‌కని డాక్టర్లు రాసే ట్రిప్టాన్లయినా 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మందే రోజువారీ తలనొప్పిని తెచ్చిపెడుతుంది. వారానికి మూడు రోజులు ఒక్కో కలిపిన మాత్ర వేసుకునే మనిషిని చూడండి. నెలకు 13 రోజులు. తనకు అది కొంచెమే అనిపిస్తుంది, గీత ఎప్పుడో దాటేసింది. దీన్నుంచి బయటపడటం సాధ్యమే, కానీ ఆపిన మొదటి రోజుల్లో నొప్పి పెరుగుతుంది. అందుకే వైద్యుడి తోడు కావాలి. తరచుగా వచ్చేవారికి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి పాతవే, ఖరీదైనవి కావు.

ఆరా ఉన్న ఆడవాళ్ల విషయం వేరే చెప్పాలి. ఆశా కార్యకర్తలు ఇచ్చే మాలా-ఎన్ లాంటి ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు ఆరా ఉన్నవారికి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కారణం పక్షవాతం ముప్పు. కళ్లముందు గీతలు కదిలిన సంగతి దాచుకుంటే ఈ ముప్పు ఎవరికీ తెలియదు.

మైగ్రేన్ అనుకుని ఆగకూడని తలనొప్పులు

పిడుగు పడ్డట్టు నిమిషంలోపే తారస్థాయికి పోయే నొప్పి, కాలూ చెయ్యీ పడిపోవడం, స్పృహ తప్పడం, తలకు దెబ్బ తగిలాక వచ్చే నొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనది, గర్భిణికి కొత్తగా వచ్చినది: వీటిలో ఏదైనా సరే ఆ రోజే ఆసుపత్రి. ఇక రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో జ్వరంతో తలనొప్పి అంటే ముందు మలేరియా పరీక్ష. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి దమన్ కార్యక్రమంతో కొండ ఊళ్లలో పోరాడుతున్న జబ్బది, మెదడుకెక్కితే ప్రాణం తీస్తుంది. మైగ్రేన్‌లో జ్వరం ఉండదు. జ్వరంతోపాటు మెడ బిగుసుకుంటే మెదడు పొరల వాపును అనుమానించాలి.

మా అమ్మకు నెలసరి ఆగిపోయాక నొప్పులు పలచబడ్డాయి. చాలామందికి అలాగే జరుగుతుంది. గోడమీది ఒడియా పంచాంగంలో పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు చివరి ఏళ్లలో నెలకొకటి కూడా లేవు. పోయిన వేసవిలో మా అప్ప కూతురు వచ్చింది, తొమ్మిదేళ్లు. నెలకోసారి కడుపునొప్పి, మొహం పాలిపోవడం, వాంతి, తర్వాత గాఢనిద్ర. నులిపురుగులన్నారు, బడి ఎగ్గొట్టడానికన్నారు. అన్ని పరీక్షలూ బాగున్నాయన్నాక బరంపురంలో పిల్లల డాక్టరు, పిల్లల్లో మైగ్రేన్ ఇలా పొట్టలో కూడా రావచ్చని చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల పొట్ట పట్టుకుని కూర్చుంటే ఏమైందని ఎవరమూ అడగకముందే అమ్మ లేచింది. వెనకగదిలోకి తీసుకెళ్లి పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టింది.